గూగూడు గుండం నుంచి స్వర్ణాల చెరువు వరకు

అనంతపురం జిల్లాలో కుళ్లాయప్ప, హుసేనప్ప, ఫకీరప్ప, దస్తగిరి అన్న పేర్లు విన్నంత మాత్రాన ఆ మనిషిది ఏ మతమో తేల్చలేం. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా వదిన పుట్టింట్లో తరానికొక కుళ్లాయప్పో కుళ్లాయమ్మో ఉంటూ వచ్చారు. బిడ్డలు పుట్టి దక్కకపోతే గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకోవడం, దక్కిన బిడ్డకు ఆయన పేరు పెట్టుకోవడం ఆ వైపు ఆనవాయితీ. వదినకు తీర్చవలసిన మొక్కు ఒకటి మిగిలి ఉండడంతో 2025 జులైలో ఆమె వెంట నేనూ బయలుదేరాను. గూగూడులో మొహర్రం నాటి పీర్ల పండుగ చివరి ఘట్టం చూసి, కడప మీదుగా నెల్లూరు చేరి, రొట్టెల పండుగ చూసుకుని తిరిగి రావాలన్నది మా ఆలోచన. మతాల మధ్య సఖ్యత గురించి సభల్లో చాలా వింటాం. ఊళ్లలో అది ఏ పనుల మీద, ఏ బాకీల మీద నిలబడి ఉందో దగ్గర నుంచి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

నార్పల దారిలో, జులై 5

అనంతపురంలో పొద్దున్నే ఉగ్గాని తిన్నాం. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చారు. ప్లేటు రూ.40. బండి దగ్గర నిలబడి తింటున్నవాళ్లలో సగం మంది గూగూడు పోయేవాళ్లే అని వాళ్ల చేతుల్లోని చక్కెర పొట్లాలు చూస్తేనే తెలిసింది.

నార్పల దాటిన తరువాత రద్దీ వల్ల పోలీసులు బండ్లను మళ్లించారు. మా ఆటో అబ్బాయి చీనీ (బత్తాయి) తోటల మధ్య మట్టిదారి పట్టి, దారి చీలిన చోట ఎడమకు తిరిగి, గూగూడుకు బదులు మరో చిన్న ఊరి నడిమధ్యలో తేల్చాడు. అక్కడ వేపచెట్టు కింద సున్నం కొట్టిన పీర్ల సావిడి ఉంది. లోపల గోడకు ఆనించి, కర్రలకు బిగించిన పీర్లకు, అంటే కర్బలా అమరుల గుర్తుగా నిలిపే లోహపు ప్రతిమలకు, ఎరుపు, ఆకుపచ్చ దట్టీ గుడ్డలు చుట్టి, మల్లెపూల దండలు వేశారు. పీరు ముఖం మీద చెక్కిన అక్షరాలను తరతరాల చేతులు తుడిచీ తుడిచీ అరగదీశాయి. వాటి ముందు మట్టి మూకుట్లో నిప్పుల మీద ఊదు పొగ లేస్తూ ఉంది.

సావిడి అరుగు మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. "యాడికో పోతా ఈడికొచ్చినారు తల్లీ. సామి పిల్చినాడు. పానకం తాగి పోండి" అన్నాడు. ఆయన బోయ కులస్థుడు. ఆ ఊళ్లో ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేదు. ఏనాడో వలస పోయిన కుటుంబం పీర్లను వాళ్ల తాతకు అప్పగించి వెళ్లిందట. అప్పటినుంచి పెట్టె తెరవడం, పీర్లను నిలబెట్టడం, ఎత్తుకుని ఊరు తిప్పడం వాళ్ల ఇంటి బాధ్యత. ఫాతెహా ప్రార్థన చదవడానికి మాత్రం పక్క ఊరి నుంచి ఒక దూదేకుల ముస్లిం పెద్దమనిషి వస్తాడు. "మేము ఎత్తుతాం, వాళ్లు చదువుతారు. వాళ్లు రాకపోతే మేము సామిని గడప దాటించం. మేము ఎత్తకపోతే వాళ్లు ఎవరికని చదువుతారు?" అని అడిగాడాయన.

ఆ ఊరి పండుగలో ఎవరి పని ఏదో ఆయన ఓపికగా చెప్పుకొచ్చాడు. నిప్పుల గుండం తవ్వడం ఒక ఇంటివాళ్ల వంతు. కట్టెలు రైతులందరూ తలా ఒక మోపు ఇస్తారు. దట్టీలు ఉతికి ఆరవేయడం, రాత్రివేళ దివిటీ పట్టడం చాకలివారి పని. పానకం కుండలు కుమ్మరి ఇంటినుంచి వస్తాయి. పీరు కర్ర విరిగితే వడ్రంగి చేసి ఇస్తాడు, కూలి అడగడు. డప్పు మాదిగవాడ నుంచి రావాలి, అది మోగితేనే స్వామి లేస్తాడు. ఇందులో ఏ ఇల్లు అలిగి కూర్చున్నా పండుగ ఆగిపోతుంది కనుక, ఏడాది పొడుగునా గట్టు తగాదాలతో మాటలు మానుకున్నవాళ్లు కూడా మొహర్రం నెల పొడుపుకు ముందే పెద్దల సమక్షంలో రాజీపడక తప్పదు. ఒకరి పట్ల ఒకరికి ప్రేమ ఉందా లేదా అన్నది ఇక్కడ ఎవరూ అడగరు. ఎవరి పని వాళ్లు చేశారా అన్నదే అడుగుతారు. ఊరిని పట్టి నిలిపేది ఈ లెక్కే అని నాకు అక్కడే స్పష్టమైంది. తరువాతి రోజుల్లో చూసినవన్నీ ఆ అభిప్రాయాన్ని బలపరిచాయి.

అయితే ఈ కలయికలో అందరికీ సమానమైన చోటు ఉందని నేననను. డప్పు కొట్టేవారు లేనిదే స్వామి లేవడు గానీ, మేము చూసినప్పుడు వాళ్లు పానకం తాగింది అరుగు కిందే. వాళ్లలో ఒక యువకుడు, కాలేజీలో చదువుకుంటున్నవాడు, తన గ్లాసు అందుకుని నేరుగా అరుగెక్కి పెద్దాయన పక్కన కూర్చున్నాడు. పెద్దాయన కాస్త జరిగి చోటిచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. మార్పు అంటూ వస్తే ఈ అరుగుల మీదే రావాలి, ఆ అబ్బాయి లాంటివాళ్ల వల్లే రావాలి.

పానకానికి డబ్బు తీసుకోరని తెలిసి, వదిన దట్టీ గుడ్డ కోసమని రూ.100 పీర్ల ముందు పెట్టింది. పెద్దాయన నెమలి ఈకల కట్టతో ఆమె తల మీద తట్టి, నుదుట ఊదు బూడిద పెట్టాడు.

గూగూడు, జులై 5 సాయంత్రం

గూగూడులో కుళ్లాయిస్వామి గుడి, ఆంజనేయస్వామి గుడి పక్కపక్కనే ఉన్నాయి. రెండూ కలిపి దేవాదాయ శాఖ కిందికి వస్తాయి. పీర్ల పండుగను ఇక్కడ బ్రహ్మోత్సవాలు అనే పిలుస్తారు. పూర్వం గుహుడు తపస్సు చేసిన చోటు ఇదేనని ఊరివాళ్లు చెబుతారు. రామకథలో పడవ నడిపిన మనిషీ, కర్బలా యుద్ధంలో దాహంతోనే పోరాడి ప్రాణం విడిచిన ప్రవక్త మనవడు హుస్సేనూ ఒకే ఊరి చరిత్రలో ఇరుగుపొరుగు కావడం ఇక్కడివాళ్లకు ఏమాత్రం వింతగా తోచదు.

వీధి పొడుగునా చక్కెర దుకాణాలే. ఈ స్వామికి ముఖ్యమైన నైవేద్యం చక్కెర. బరువు మొక్కుకున్నవాళ్లు బిడ్డను తక్కెడలో కూర్చోబెట్టి అంత చక్కెర తూచి ఇస్తారు. కిలో రూ.60కి కొన్నాం. బయట ధర కంటే ఎక్కువే, పండుగ బజారులో అది మామూలే. ఒకే బుట్టలో కొబ్బరికాయ, అగరొత్తులు, చక్కెర పొట్లం పెట్టుకుని జనం వరుసలో నిలబడ్డారు. ముందు ఏ గుడికి వెళ్లాలని వదిన అడిగితే, వరుసలో మా ముందున్న ఆమె వెనక్కి తిరిగి, "ఏ వరుస చిన్నగా ఉంటే ఆ గుడికి ఫస్టు పోండక్కా. ఇద్దరూ పక్కింటోళ్లే" అంది. చదివింపులు, అంటే ఫాతెహా చదవడం, అయ్యాక ముజావర్ (పీర్ల సేవ చూసే ఆయన) చక్కెరలో కొంత తీసుకుని మిగతాది తిరిగి మన పొట్లంలోనే కట్టి ఇచ్చాడు. దాన్ని ఇంటికి తీసుకుపోయి ఇరుగుపొరుగుకు పంచాలి. మనమే ఉంచుకుంటే మొక్కు తీరినట్టు కాదని వదిన చెప్పింది.

ఆ రాత్రి పెద్ద సరిగెత్తు. స్వామిని ఊరేగింపుగా బయటికి తెచ్చే ఘట్టం. గొడుగులు, దివిటీలు, డప్పులు, కొమ్ముబూరలు, వాటి నడుమ పూలతో నిండిపోయి ముఖం కనబడని స్వామి. మేడలన్నీ జనంతో నిండిపోయాయి. మేము ఎవరమో తెలియని ఒక రైతు ఇంటి మేడ ఎక్కాం. ఆ ఇంటావిడ అడిగిన మొదటి మాట "భోంచేసినారా?" అని. రాగి సంగటి ముద్ద, శనక్కాయల చట్నీ, చింతపండు పులుసు పెట్టింది. ముప్పై మందికి తక్కువ కాకుండా ఆ మేడ మీద పడుకున్నారు. బళ్లారి నుంచి వచ్చినవారు, చిత్తూరు నుంచి వచ్చినవారు, హిందువులు, ముస్లింలు, ఎవరి చాప వాళ్లు పరచుకున్నారు. గూగూడులో ఈ రోజుల్లో తలుపు వేసుకున్న ఇల్లు మాకు కనిపించలేదు. పొద్దున డబ్బు ఇవ్వబోతే ఆ ఇంటావిడ చెయ్యి వెనక్కి నెట్టి, "మీ ధర్మారానికి మేము పెండ్లి చీరలకొస్తాం గదా. అప్పుడు ఒగ పూట అన్నం పెడుదురు" అంది.

గూగూడు, జులై 6

తెల్లవారకముందే లేపారు. గుండం చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. రాత్రంతా కాలిన మొద్దులు కూలి ఎర్రటి నిప్పులుగా పరచుకున్నాయి. వేడికి ముందు వరుసవాళ్లు మొహాలు తిప్పుకుంటున్నారు. మొక్కు ఉన్నవాళ్లు తల మీద పెట్టుకుని తెచ్చిన ఎండు కట్టెను గుండంలో వేసి పక్కకు తప్పుకుంటున్నారు. వదిన మొక్కు కూడా అదే. ధర్మవరం నుంచి తెచ్చిన పాత మగ్గం తాలూకు కొయ్యముక్కను ఆమె గుండంలో వేసింది. మోకాలి ఆపరేషన్ తరువాత మళ్లీ మగ్గం గుంతలో కూర్చోగలిగితే వేస్తానని అనుకున్నదట. స్వామిని ఎత్తుకున్నవాళ్లు నిప్పులు తొక్కి అవతలికి చేరినప్పుడు లేచిన కేకలో గోవింద నామమూ హుస్సేన్ పేరూ కలిసి వినిపించాయి. నాకు దగ్గరగా నిలబడ్డ ఒక ముసలాయన ఏ కేకా వేయకుండా, రెండు చేతులూ జోడించి, పెదవులు మాత్రం కదుపుతూ ఉన్నాడు.

ఈ ఏడు మొహర్రం పదో రోజు, తొలి ఏకాదశి ఒకే నాడు పడ్డాయి. నిరుడు, అంటే 2024లోనూ జులై 17న ఇలాగే కలిసి వచ్చాయి. నెలవంక కనిపించిన మరునాటినుంచి మొహర్రం లెక్క మొదలవుతుంది కనుక, పదో రోజు సహజంగానే శుద్ధ ఏకాదశి దరిదాపుల్లో పడుతుంది. అయితే హిజ్రీ సంవత్సరానికి అధిక మాసం లేదు. ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. 2026లో మనకు అధిక జ్యేష్ఠం వస్తున్నందువల్ల పీర్ల పండుగ నిజ జ్యేష్ఠంలోకి వెళ్లి, తొలి ఏకాదశితో ఈ పొత్తు తప్పుతుంది.

మేము పడుకున్న ఇంటావిడ ఏకాదశి కోసం జొన్న పేలాలు విసిరి, బెల్లం దంచి కలిపి పేలాల పిండి చేసింది. వదినకు ఏకాదశి ఒక్కపొద్దు. గుడి నుంచి వచ్చిన చదివింపుల చక్కెర తినవచ్చా అని ఆమె సంశయిస్తుంటే, ఆ ఇంటావిడ ఆ చక్కెరను గుప్పెడు తీసి పేలాల పిండిలోనే కలిపేసింది. "రెండూ ప్రసాదాలే కదా వదినా, రెంటికీ ఒకే ముద్ద చాలు." ఆ పిండి ముద్దలే మేడ మీది బళ్లారి ముస్లిం కుటుంబానికీ వెళ్లాయి. వాళ్ల పిల్లలు మళ్లీ కావాలని అడిగి తిన్నారు.

మధ్యాహ్నం గుడి దగ్గర ఫకీరు పట్టిన ఒక పిల్లవాడిని చూశాను. మెడలో ఎర్రదారం, భుజాన జోలె, వయసు ఏడెనిమిదేళ్లు. మొక్కు ఉన్నవాళ్లు ఈ రోజుల్లో ఫకీరుగా ఉండి నేల మీద పడుకుంటారు, మాంసం ముట్టరు, ఇళ్ల ముందు నిలబడి భిక్ష అడుగుతారు. ఆ పిల్లవాడి తండ్రికి పదెకరాల తోట ఉందట. అయినా బిడ్డ ఇంటింటి ముందూ చెయ్యి చాపాలి, ఏ ఇల్లూ కాదనకూడదు. జోలెలో పడిన బియ్యమూ చక్కెరా కలిపి వండి అందరికీ పెడతారు. అడగడం తెలియకుండా పెరిగేవాళ్లకు ఊరు ఇలా ఒక్కసారైనా అడగడం నేర్పుతుంది. ఈ ఆచారంలో నాకు చాలా గౌరవం కలిగించిన సంగతి ఇది.

ఆంజనేయస్వామి గుడి నీడలో కూర్చున్న ఒక డిగ్రీ విద్యార్థితో చాలాసేపు మాట్లాడాం. ముస్లిం కుటుంబం, ఇంట్లో తాత చదివింపులు చేసేవాడు. పట్నంలో చదువుకుంటున్న స్నేహితులు ఇదంతా మతంలో లేదని, గుండం తొక్కడం, పీర్లకు మొక్కడం తప్పని అతనితో వాదిస్తారట. "వాళ్లు చెప్పేదాంట్లో కొంత నిజముందమ్మా. నేను నమాజు తప్పను, గుండం తొక్కను. అయినా మా తాత చదవకపోతే ఆ ఊరోళ్లు స్వామిని ఎత్తలేరు. వాళ్ల పండగ ఆగిపోవడానికి నేను కారణం కాకూడదు గదా" అన్నాడు. అటువైపు హిందువుల్లోనూ మన దేవుళ్లు ఉండగా పీర్లెందుకని అడిగేవాళ్లు తయారయ్యారని మేడ మీద రాత్రి ఎవరో చెప్పారు. రెండు వైపుల అభ్యంతరమూ శాస్త్రం ప్రకారం మాట్లాడేదే. ఆ విద్యార్థి మాత్రం తన నమ్మకాన్ని ఏమాత్రం వదులుకోకుండానే పొరుగువాడి పట్ల తన బాధ్యతను నిలుపుకున్నాడు. అతని మాటను నేను రెండు వైపులవాళ్లకూ వినిపించాలనుకుంటాను.

సాయంత్రం జలధి, అంటే స్వామిని నీళ్ల దగ్గరికి సాగనంపే ఘట్టం. పొద్దున కేకలు వేసిన జనమే ఇప్పుడు మౌనంగా స్వామి వెనక నడిచారు. కర్బలాలో క్రీస్తుశకం 680లో హుస్సేన్‌కూ ఆయన పరివారానికీ యూఫ్రటీస్ నది నీరు అందకుండా కట్టడి చేశారన్న కథను మా పక్కన నడుస్తున్న ముసలావిడ తన అన్నదమ్ములకు జరిగినట్టు చెప్పింది. "చంటిబిడ్డకైనా గుక్కెడు నీళ్లీలేదు, పాపిష్టోళ్లు" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. దారి పొడుగునా పానకమూ మజ్జిగా పోసేది అందుకే. ఆమె నుదుట కుంకుమ ఉంది, ఏకాదశి ఉపవాసంలో ఉంది.

కడప, జులై 7

కడపలో గడిపింది ఒక్క పగలే. పొద్దున ఎర్రకారం పూసిన దోసె తిన్నాం, రూ.50. వదినకు కారం ఎక్కువై రెండు గ్లాసుల మజ్జిగ తాగవలసి వచ్చింది.

పెద్ద దర్గాలో ఆడవాళ్లు కూర్చునే వైపు నీడగా, ప్రశాంతంగా ఉంది. మొక్కుకున్నవాళ్లు కట్టిన దారాల మధ్య పసుపు పూసిన దారాలు కూడా కనిపించాయి. అక్కడి నుంచి ఆటోలో దేవుని కడప వెళ్లాం, రూ.80. తిరుమలకు తొలి గడపగా పేరున్న లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయం అది. ఏటా ఉగాది నాడు కడప ముస్లింలు ఈ గుడికి వస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు అనీ, వేంకటేశ్వరుడు తమ అల్లుడనీ వాళ్ల నమ్మకం. బియ్యం, బేడలు, బెల్లం, చింతపండు వంటివి భత్యంగా తెచ్చి స్వామికి సమర్పిస్తారు, కొబ్బరికాయ కొడతారు, హారతి తీసుకుంటారు.

గుడి ముందు పూలమ్మే ఆవిడ ఉగాది గురించి చెప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. "ఆ పొద్దు తెల్లార్నుంచే వస్తారమ్మా, బుర్ఖాల్లో. నా దగ్గర తులసి మాలలు అయిపోతాయి. పుట్టింటోళ్లు వట్టి చేతుల్తో వస్తారా?" ఆమె దృష్టిలో అది మత సామరస్యం కాదు, చుట్టరికం. చుట్టరికంలో అలకలు ఉండవచ్చు, మాటామాటా అనుకోవచ్చు, కానీ పండుగకు పుట్టింటి భత్యం రాకపోవడం మాత్రం ఉండదు. పీర్ల సావిడిలో పనుల పంపకం చేసినదాన్నే ఇక్కడ బంధుత్వం చేస్తోంది.

నెల్లూరు, జులై 8

నెల్లూరు చేరేసరికి రాత్రి గంధ మహోత్సవం ముగిసింది. కోటమిట్ట నుంచి ఊరేగింపుగా తెచ్చిన గంధాన్ని దర్గాలో సమర్పించి జనానికి పంచారు. బస్టాండులో దిగిన మాకు ఎదురైనవాళ్ల మెడల మీద ఇంకా ఆ గంధపు మరకలున్నాయి.

స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారా షహీద్ దర్గాలో పన్నెండుమంది వీరుల సమాధులున్నాయి. గండవరం దగ్గర యుద్ధంలో వాళ్ల తలలు తెగిపడితే, మొండేలను గుర్రాలు ఈ గట్టుకు చేర్చాయని చెప్పుకుంటారు. రొట్టెల కథ దానికి తరువాతిది. చెరువులో బట్టలు ఉతికే ఒక చాకలి దంపతులు పొద్దుపోయి సమాధుల దగ్గరే నిద్రపోయారట. ఈ మట్టి పూస్తే ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు నయమవుతుందని ఆ ఇల్లాలికి కలలో వినిపించిందట. అలాగే నయమయ్యాక నవాబు దంపతులు స్వయంగా వచ్చి, సమాధులకు నమస్కరించి, తాము తెచ్చుకున్న రొట్టెలను ఆ దంపతులతో పంచుకుని తిన్నారట. నవాబు రొట్టె చాకలి చేతికి అందిందన్నదే ఈ పండుగకు మూలం. 2015లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

పద్ధతి తేలికగానే ఉంటుంది గానీ దాని మర్యాదలు చాలా ఉన్నాయి. కోరిక ఉన్నవాళ్లు చెరువులోకి దిగి రొట్టె తీసుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె, విదేశీ రొట్టె అని వేరువేరుగా ఉంటాయి. ఏ రొట్టె ఏ ఘాటు దగ్గర దొరుకుతుందో బోర్డులు పెట్టారు. తల మీద కొంగో రుమాలో కప్పుకోవాలి. నీళ్లలో నిలబడి ఇవ్వాలి, నీళ్లలో నిలబడే తీసుకోవాలి. ఇచ్చేవాళ్లు డబ్బు పుచ్చుకోరు. తీసుకునేవాళ్లు ఇచ్చేవాళ్ల కులమతాలు అడగరు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి మోకాలి లోతు నీళ్లలోకి దిగేసరికి చుట్టూ కేకలే: "ఇల్లు కట్టుకున్నామమ్మా, ఇంటి రొట్టె!" "మా వాడికి ఉద్యోగమొచ్చింది, ఎవరికి కావాలి, ఉద్యోగ రొట్టె!" తమ సంతోషాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య ఇంత బాహాటంగా చెప్పుకునే చోటు నేను మరొకటి చూడలేదు.

మా పక్కన తిరువళ్లూరు నుంచి వచ్చిన ఒక యువతి పొద్దుటినుంచి సంతాన రొట్టె కోసం వెతుకుతోంది. వచ్చిన తెలుగులోనే అందరినీ అడుగుతోంది. చివరికి చంకన బిడ్డతో నీళ్లలోకి దిగిన ఒక నెల్లూరు ముస్లిం ఇల్లాలు ఆమె చేతిలో రొట్టె పెట్టింది. గోధుమరొట్టె మధ్యలో బెల్లమూ కొబ్బరీ పెట్టి మడిచి, గుడ్డలో చుట్టి తెచ్చింది. ఆ గుడ్డ విప్పుతున్నప్పుడు రొట్టె అంచులు పొయ్యి మీద నల్లగా కాలి ఉండడం, చేత్తో చరిచిన వేళ్ల గుర్తులు దాని మీద ఇంకా ఉండడం చూశాను. ఆ యువతి సగం అక్కడే తిని, సగం భర్తకు ఇచ్చింది. "బిడ్డ పుట్టి నేను పచ్చి బాలింతనై ఉంటే, వచ్చే ఏడు రాలేను కదక్కా?" అని అడిగింది. "మీ అత్తతోనో అమ్మతోనో పంపించు మా. రొట్టె మాత్రం మీ ఇంట్లో కాల్చిందే అయి ఉండాల" అంది నెల్లూరావిడ. తరువాత తన బిడ్డను ఆ యువతి చేతికి ఇచ్చి, చెరువు నీళ్లు చిలకరించింది.

అక్కడ ఆ యువతికి పడిన బాకీ ఆ నెల్లూరావిడకు తీర్చవలసింది కాదు. వచ్చే ఏడు ఇదే నీళ్లలో నిలబడి, తనలాగే ఎదురుచూస్తున్న మరెవరికో తీర్చాలి. ఆ మరెవరో ఏ ఊరివాళ్లో, ఏ దేవుడికి మొక్కేవాళ్లో ముందుగా తెలియదు. ఊరిలోని పనుల పంపకం తెలిసినవాళ్లను కట్టి ఉంచితే, ఈ రొట్టె తెలియనివాళ్లను కూడా కడుతోంది. లక్షల మంది వచ్చే జాతరలో ఈ నియమాన్ని కాపలా కాసేవాళ్లు ఎవరూ లేరు. తీరిన కోరికతో తిరిగి వచ్చి ఇచ్చేవాళ్లు ఉన్నారు గనుకే తీసుకోవడానికి రొట్టెలు ఉన్నాయి.

వదిన మనవరాలి కోసం చదువు రొట్టె తీసుకుంది. ఇచ్చినాయన ఆత్మకూరు వైపు బడిపంతులు, కూతురికి ఇంజనీరింగు సీటు వచ్చిందట. మనవరాలు ఏం చదువుతోంది, లెక్కల్లో ఎలా ఉంది అని నీళ్లలో నిలబడే పరీక్ష పెట్టి, లెక్కల్లో వెనకబడిందని తెలిశాక రొట్టె ఇస్తూ, "రోజుకు పది లెక్కలు చేయించండమ్మా, రొట్టె మిగతాది చూసుకుంటుంది" అన్నాడు.

మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసుతో అన్నం తిన్నాం, ఇద్దరికీ కలిపి రూ.360. వదిన ఏకాదశి, ద్వాదశి రెండూ అయ్యాయని నిశ్చింతగా తింది. వెళ్లదలచినవాళ్లకు రెండు మాటలు: చెప్పులు బస చేసిన చోటే వదిలేసి, ఒక జత పొడి బట్టలు వెంట తీసుకెళ్లండి. ఘాటు మెట్లు పాచి పట్టి జారుతున్నాయి, పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని దింపండి. రొట్టెలు అక్కడ దుకాణాల్లో కూడా దొరుకుతాయి గానీ, ఇచ్చేవాళ్లు ఇంట్లో కాల్చినవి తెస్తేనే తీసుకునేవాళ్లకు తృప్తి. 2026లో మొహర్రం ముందుకు జరుగుతుంది కాబట్టి రొట్టెల పండుగ జూన్ నెలాఖరుకు వస్తుంది. మనవరాలి పరీక్ష ఫలితాలు అప్పటికి వచ్చేస్తాయని వదిన ఇంటికి రాగానే లెక్క చూసుకుంది.